మా నర్సిములు దవడ దానంతటదే సర్దుకోలేదు

ఈ సంగతి నేను చెప్పడం ఇది మొదటిసారి కాదు. మా ఊరి డాక్టరుకు ముఖాముఖి చెప్పాను, విననే లేదు. బడి పెద్దలకు అర్జీ పెట్టాను, అది ఏ బల్ల కింద ఉందో ఇప్పటికీ తెలియదు. ఈ పత్రికకు కూడా పోయిన ఏడు రాసి పంపాను. స్థలం లేదనైనా ఒక కార్డుముక్క వేస్తారనుకున్నాను, అదీ రాలేదు. ఆ సంచికలో జుట్టు నూనె తయారు చేసే విధానం రెండు పేజీలు వేశారు. నేను మరిచిపోలేదు. అయినా మళ్లీ రాస్తున్నాను. ఎందుకు రాయక తప్పలేదో చివరికి మీకే తెలుస్తుంది.

నేను కామారెడ్డి గంజ్‌లో, అంటే సరుకుల బజారులో, ఒక బెల్లం అడ్తి దుకాణంలో మునీంను, కమీషను లెక్కలు రాస్తాను. మా అబ్బాయి నర్సిములుకు అప్పుడు ఏడో ఏడు నడుస్తోంది. దుకాణం ముందు బండ్లు దిగుతుంటే ఒక బండి ఆయన వాడి చేతిలో చెరుకు ముక్క పెట్టాడు. పిల్లలు చెరుకు తొక్కను ముందరి పండ్లతో చీల్చి లాగడం అందరం చూస్తూనే ఉంటాం. వీడు మెడ పక్కకు తిప్పి, గడను దవడ పండ్లలోకి తోసి, ఎడమవైపునే కొరకసాగాడు.

"ముంగటి పండ్లతోని కొరుకురా, గదేం కొరుకుడు" అన్నాను.

వాడు కొరికాడు. పండ్లు కలిసే చివరి క్షణంలో గడ్డం ఎడమకు జరిగింది. గొళ్లెం పడక తలుపును కొంచెం పక్కకు నెట్టి వేస్తామే, అట్లా. మళ్లీ కొరకమన్నాను. మళ్లీ అట్లాగే జరిగింది. బండి ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇంటికి వచ్చి మా అవ్వకు చూపించాను. "పాలపండ్లు రాలే ఈడు గదరా. అన్నిటికి భయపడ్తవ్" అన్నది. నా భార్య రాజవ్వ మాత్రం వాడి ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. ఆమె అట్లా చూడటానికి కారణం ఉంది. నర్సిములు కంటే ముందు మాకు పుట్టిన ఇద్దరు పిల్లలు ఏడాది నిండకుండానే పోయారు. వీడు కడుపులో ఉండగా మా అవ్వ ఎల్లారెడ్డి అవతల గుట్ట మీదున్న మా ఇంటి దేవునికి మొక్కింది. బిడ్డ బతికితే మేనమామ ఒడిలో కూర్చోబెట్టి పుట్టువెంట్రుకలు అక్కడే తీయిస్తామని, అప్పటిదాకా మెడకు పైన ఇనుము తాకనివ్వమని. అందుకే వాడికి ఏడో ఏడు వచ్చినా జుట్టు సిగ వేసుకునేంత ఉంది. చెవులు కూడా బంగారు తీగతోనే కుట్టించింది.

ఏడాది తిరిగేసరికి చెరుకు కొరికేటప్పుడే కాదు, మాట ముగించి నోరు మూసిన ప్రతిసారీ గడ్డం ఎడమకు పోతోంది. పెదవులు ఏటవాలుగా పడుతున్నాయి. ఎడమ చెంప ఉబ్బినట్లు, కుడి చెంప చదునుగా కనపడుతోంది. ఎవరో లఖ్వా అన్నారు, అంటే మూతి వంకర పోయే వాతం. అప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఈయన మా బజారు దగ్గరే సొంత ప్రాక్టీసు పెట్టుకున్న మనిషి. పేరు రాయను. చదివితే ఆయనకు తెలుస్తుంది.

నర్సిములును కండ్లు గట్టిగా మూసుకోమన్నాడు, చెంపలు ఊదమన్నాడు, ఈల వేయమన్నాడు. వాడు అన్నీ చేశాడు.

"నర్వ్ బాగానే ఉంది. లఖ్వా కాదు" అన్నాడు డాక్టరు. అంతవరకు సరిగ్గానే చెప్పాడు, ఆ మాట నేను దాచను. తర్వాత అన్నాడు: "ఇది ఆదత్. పిల్లలు ఎవర్నో చూసి మూతి తిప్పడం నేర్చుకుంటారు. ఎదుగుతుంటే దానంతటదే సర్దుకుంటది."

"సాబ్, కొరికేటప్పుడు దవడ జరుగుతున్నది. ఒక్కసారి నోరు తెరిపించి పండ్లు చూడండి" అన్నాను.

"మునీం సాబ్, మీ దుకాణానికొచ్చి బెల్లం ఎట్ల తూకం వెయ్యాల్నో నేను చెప్తున్ననా?"

అక్కడ వరుసలో కూర్చున్నవాళ్లంతా నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది. అందులో ఇద్దరు మా దుకాణానికి సరుకు తెచ్చేవాళ్లే.

ఆదత్ అన్న ఆ ఒక్క మాట ఇంట్లోకి, వీధిలోకి, బడిలోకి మా వెంటే వచ్చింది. అలవాటైతే మాన్పించాలి కదా. రాజవ్వ బుజ్జగించి చెప్పేది, మా అవ్వ గదిమేది, నేనూ కసిరాను. బడిలో పంతులు పాఠం అప్పజెప్పమంటే వీడు చెప్పి నోరు మూసినప్పుడల్లా గడ్డం తిరిగేది. తనను వెక్కిరిస్తున్నాడని పంతులు బెత్తం తీశాడు. ఒకరోజు అరచేతులు రెండూ వాచి ఇంటికి వచ్చాడు. నేను పోయి అడిగితే, "డాక్టరు సాబే ఆదత్ అన్నడట గద, ఆదత్ బెత్తంతోనే పోతది" అన్నాడు. అర్జీ పెట్టింది అప్పుడే.

ఆ తర్వాత నర్సిములు ఒక ఉపాయం కనిపెట్టాడు. ఎప్పుడూ నోరు కొంచెం తెరిచే ఉంచేవాడు. పండ్లు కలవకపోతే గడ్డం నిలువుగా ఉంటుందని వాడికి తెలిసిపోయింది. ఎనిమిదేండ్ల పిల్లవాడు అద్దంలో చూసుకుని తెలుసుకున్న సంగతి అది. మేము మాత్రం, "నోరు మూసుకోరా, ఈగలు పోతయ్" అని వాడి గడ్డం కింద తట్టి మరీ మూయించాం.

రెండోసారి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఈ నోరు తెరిచి ఉంచే సంగతి చెప్పాను. "ముందు నోరు మూసుకోవడం నేర్పండి" అని, పడుకునేటప్పుడు గడ్డం కిందినుంచి నడినెత్తికి గుడ్డపట్టీ బిగించి కట్టమన్నాడు. కట్టాం. కొన్నాళ్లకు వాడికి ఎడమ చెవి ముందర నొప్పి మొదలైంది. ఆవులిస్తే అక్కడ టక్కుమని చప్పుడు వచ్చేది. అన్నం మెత్తగా పిసికి పెట్టినా సగం వదిలేసేవాడు. మాట్లాడటం దాదాపు మానేశాడు. ఏమన్నా కావాలంటే రాజవ్వ కొంగు లాగి వేలితో చూపేవాడు.

మా గంజ్‌కు సికింద్రాబాద్ నుంచి వచ్చే ఒక బెల్లం వ్యాపారి ఇది చూసి, తనకు కట్టుడు పండ్లు పెట్టిన డెంటిస్టు ఒకాయన ఉన్నాడని, కలకత్తాలో చదివి వచ్చాడని చెప్పాడు. పంటి డాక్టరుకు ముఖం సంగతి ఏం తెలుస్తుందని అనుకుంటూనే రైలెక్కించాను. మా అవ్వ కూడా బయలుదేరింది. మనుమణ్ణి నా చేతికి వదిలితే మొక్కు సంగతి నేను మరుస్తానని ఆమె అనుమానం.

ఆ డెంటిస్టు అన్నిటికంటే ముందు చెప్పిన మాట, "నోరు తెరువు బాబూ."

నర్సిములు నా ముఖం చూశాడు. తెరవమని ఎవరన్నా అనడం వాడికి కొత్త. తెరిచాడు. డెంటిస్టు వాడి ముక్కు కొసమీద నుంచి గడ్డం నడిమికి ఒక దారం నిలువుగా పట్టి, నన్ను దగ్గరికి పిలిచాడు. దారం కింద పై పండ్ల నడిమి సందు, కింది పండ్ల నడిమి సందు, గడ్డం, అన్నీ ఒకే గీతలో ఉన్నాయి.

"ఇప్పుడు మెల్లగా మూయి. ఇంకా మెల్లగా. ఆగు."

వాడు ఆగాడు. కుడివైపు పై కోరపన్ను మొన, కింది కోరపన్ను మొన మీద నిలబడి ఉంది. ఇంకా ఏ పన్నూ ఇంకో పన్నును తాకలేదు.

"చూశారా మునీం గారూ. ఇవి పాలపండ్లు. రెండు మొనలు ఒకదాని మీద ఒకటి వస్తున్నాయి. అట్లా ఉంచి ఎవరూ నమలలేరు. అందుకని దవడను ఎడమకు జరుపుకుని మూస్తున్నాడు. జరిపితే ఎడమవైపు పై పండ్లు కింది పండ్లకు లోపలికి పోతున్నాయి. దీన్ని క్రాస్ బైట్ అంటారు. మిడ్‌లైన్, అంటే నడిమి గీత, తప్పింది అందుకే. ఇది వీడి తప్పు కాదు."

నర్సిములు గొంతు ఎన్నాళ్లకో విన్నాను. "నేను ఎక్కిరిస్తలేనా?"

"లేదు."

"గట్లని కాయితం మీద రాసిస్తరా? పంతులుకు సూపిస్త."

డెంటిస్టు రాసిచ్చాడు. ముందే చెప్పేస్తాను, పంతులు ఆ కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, ఆ పూట పాఠం మొదలుపెట్టాడు. కొట్టడం మానేశాడు. అయ్యో అన్న మాట మాత్రం అనలేదు.

ఎక్స్‌రే కూడా తీయించారు. చెవి ముందర దవడ ఎముకకు ఉండే తలను కాండైల్ అంటారట. ఎడమవైపుది కుడిదానికంటే కొంచెం పొట్టిగా కనపడుతోందని డెంటిస్టు అన్నాడు. "ఇన్నాళ్లూ దవడ పక్కకు జరగడం మాత్రమే. ఇప్పుడు ఎముక కూడా ఆ జరిగిన తీరుకే పెరగడం మొదలుపెట్టింది. గ్రోత్ ఉన్నంతకాలం మన చేతిలో ఉంటుంది. పన్నెండు, పదమూడు దాటితే ఈ ముఖం ఇట్లాగే నిలిచిపోతుంది. నమలడం, మాట, అన్నీ. గుడ్డపట్టీ మాత్రం ఇవాళే తీసేయండి."

అడ్డంగా ఉన్న పాల కోరపన్ను పీకేసి, తర్వాత నోట్లో ప్లేట్ పెడితే ఇరుకుగా ఉన్న పై దవడ వెడల్పు అవుతుందన్నాడు. నేను సరే అన్నాను. ఆయన పట్టకారు చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు మా అవ్వ లేచి వచ్చి నర్సిములు నోటి మీద అరచెయ్యి పెట్టింది.

"ఇనుము తాకొద్దయ్యా."

ఆయనకు అర్థం కాలేదు. మొక్కు సంగతి నేను చెప్పాను. "అమ్మా, ఇది మీ మనుమడి ముఖం" అన్నాడు ఆయన.

"నువ్వు మొఖం సంగతి చెప్తున్నవ్ కొడుకా. నేను పానం సంగతి చెప్తున్న. ఇద్దర్ని మట్టిల పెట్టి వచ్చిన."

ఆమెను తోసేయవచ్చు కదా అని మీలో కొందరు అనుకుంటారు. ఆ ఇద్దరిని మట్టిలో పెట్టింది నా చేతులతోనే. నాకూ భయమే. పట్టకారు ట్రేలో పడిన చప్పుడు విని, ఆ పూటే రైలెక్కాం.

ఇక మిగిలింది ఒకటే దారి. పుట్టువెంట్రుకలు తీయించాలి. దానికి మేనమామ రావాలి. మా బావమరిది గంగారాం ఎల్లారెడ్డిలో ఉంటాడు, పోచారం కాలువ కింద వరి వేస్తాడు. నర్సిములుకు ఏడో ఏడు రాగానే మొక్కు తీర్చాలని అప్పట్లోనే పిలిచాను. గంజ్‌లో బెల్లం సీజను, పైగా నాకు జ్వరం, లేవలేకపోయాను. పసుపు అక్షింతలు, కొబ్బరికాయ కట్టి ఎల్లారెడ్డి బస్సు డ్రైవరు చేత పంపాను. ఆయన రాలేదు. తొమ్మిదో ఏట నేనే పోయి పిలుస్తానని కబురు పెడితే, ఇంట్లో లేనని కబురు పంపాడు. లేని మనిషి కబురు ఎట్లా పంపాడో ఆయనకే తెలియాలి.

ఈసారి బస్సెక్కి నేరుగా ఆయన ఇంటి అరుగు మీదికి పోయాను.

"రా బావా. ఈసారి డ్రైవర్ని తోలియ్యలేదా?" అన్నాడు.

"పిల్లగాని దవడ వంకర పోతున్నది బావా. మొక్కు తీరితెగాని పన్ను తీయనియ్యదు మా అవ్వ. నువ్వొచ్చి ఒడిల కూసోబెట్టుకుంటె చాలు."

"నేనేమన్న పార్సిల్ లెక్కనా, బస్సుల పిలిస్తె దిగి వొచ్చెటందుకు? మేనమామను. మా చెల్లెను నీకిచ్చినోన్ని."

"జరముండె అని డ్రైవర్‌తోని చెప్పిపిచ్చిన."

"జరం నీకుండె. నీ తమ్మునికుండెనా? నీ అల్లునికుండెనా?"

నాకు తమ్ముడూ లేడు, అల్లుడూ లేడు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అయినా వాళ్ల వాకిట్లో పదిమంది చూస్తుండగా ఆయనకు బొట్టు పెట్టి, పండు ఫలం చేతికిచ్చి పిలిచాను. ఇంకేం కావాలి? ఆయన తీసుకుని, తాపీగా అన్నాడు: "మంచిది. పిలగానికి ఇప్పుడు పదో ఏడు గద. సరి సంవత్సరంల పుట్టెంటికలు తీస్తరా బావా ఎక్కడన్న? వచ్చే యేడు సూద్దాం."

బొట్టు పెట్టకముందే ఆ మాట చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. సరి సంవత్సరంలో తీయరన్నది నిజమే. డెంటిస్టు చెప్పిన గడువులో ఒక ఏడు అట్లా పోయింది.

ఇంటికి వచ్చి మా అవ్వకు అంతా చెప్పాను. "ఆ పంటి డాక్టరు కాడికి మల్ల పోదాం. ఇనుము గాంది ఏమన్న ఉన్నదేమో అడుగుదాం" అన్నది. మర్నాడు పక్కింటి అవుసుల ఆయన దగ్గరికి పోయి, బంగారం పొడిలో ఇనుప రజను కలిస్తే ఏరే సూదంటురాయిని అడిగి కొంగున కట్టుకుంది.

డెంటిస్టు దగ్గర ఆమె చేసిన పని చూసి మొదట అక్కడి కాంపౌండరు నవ్వాడు. ట్రేలోని ఒక్కో వస్తువు దగ్గరికి సూదంటురాయి పట్టింది. పట్టకారు టక్కున అంటుకుంది. పుల్లలాంటి సాధనాలు అంటుకున్నాయి. చిన్న అద్దం పిడి అంటుకోలేదు. "ఇది పనికొస్తది" అని పక్కన పెట్టింది. డెంటిస్టు కోప్పడతాడనుకున్నాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, తనే ఒక్కోటి తీసి ఇవ్వసాగాడు. ఒక డబ్బాలోంచి నల్లని చిన్న రాతి కడ్డీ తీశాడు. సూదంటురాయి దాన్ని పట్టించుకోలేదు.

"ఇదేంది?"

"రాయి. కార్బొరండమ్ అంటారు. పండ్లు అరగదీసేది."

"రాయికి మొక్కుల అడ్డం లేదు" అన్నది మా అవ్వ.

డెంటిస్టు ఆ కడ్డీని వేళ్ల మధ్య తిప్పుతూ ఆలోచించాడు. "పీకాల్సిన పనే లేదేమో మునీం గారూ. అడ్డం వస్తున్నది మొన ఒకటే. మొన అరగదీస్తే దారి దొరకవచ్చు. పాలపన్ను కాబట్టి నష్టం లేదు, ఎట్లాగూ రాలిపోయేదే. కాని మిషన్ మీద పెడితే దాని ఇరుసు ఉక్కుది. చేత్తో తియ్యాలి. చాలాసార్లు రావాలి, ఓపిక కావాలి."

ఓపిక సంగతి నాకు చెప్పనక్కర్లేదు.

నీలిరంగు కాగితం కొరికించి, మరక ఎక్కడ పడితే అక్కడ మాత్రమే రాయిని తడిపి చేత్తో రుద్దేవాడు. నర్సిములు కుర్చీ చేతులు పట్టుకుని కూర్చునేవాడు. పంటి పొడి వాసన గది అంతా వచ్చేది. ఒక్కో ప్రయాణంలో కొంచెం కొంచెం. ఎన్నో ప్రయాణాల తర్వాత ఒకరోజు వాడు నోరు మూస్తే మొనలు తగలలేదు. గడ్డం సగం దూరమే జరిగి ఆగింది. మిగతా సగం ఎముకదని, దానికి ప్లేట్ కావాలని డెంటిస్టు చెప్పాడు.

ప్లేట్ కోసం అచ్చు తీయాలి. ప్లాస్టర్ కలిపి నోటినిండా పెట్టి గట్టిపడేదాకా ఆపారు. వాడికి ఊపిరి ఆడక కాళ్లు కొట్టుకున్నాడు. రాజవ్వ ఆ రోజు మాతో వచ్చింది, బయటికి పోయి గోడకు తిరిగి నిలబడింది. అంగిలికి అతికే ఎర్రని గట్టి రబ్బరు పలక, నడుమ చిన్న స్క్రూ, జర్మన్ సిల్వర్ తీగలు. మా అవ్వ సూదంటురాయి పెట్టి చూసి ఒప్పుకుంది. వారానికోసారి తాళంచెవి లాంటి చిన్న పుల్లతో స్క్రూను కొంచెం తిప్పే పని నాది. తిప్పిన పూట వాడు ముక్కు ఎముక కూడా నొస్తోందనేవాడు. గంజి తాగి పడుకునేవాడు.

కష్టం అంతటితో తీరలేదు. ఒకసారి దుకాణంలో ఎవరో బెల్లం గడ్డ ఇస్తే కొరికాడు, ప్లేట్ రెండు ముక్కలైంది. యుద్ధం మొదలయ్యాక రబ్బరు సరుకు రావడం లేదని కొత్తది చేయడానికి చాలా ఆలస్యమైంది. అది పెట్టుకున్న కొన్నాళ్లకే వాడికి విషజ్వరం పట్టుకుంది. ఒళ్లు కాలిపోతోంది, పలవరింతలు. రాజవ్వ వాడి నోట్లోంచి ప్లేట్ తీసి నా ముందు విసిరింది.

"రాయి అని, ఎండి అని దేవున్ని మోసం జేస్తిమి. మొఖం కోసం పానం మీదికి తెస్తిరి తల్లీకొడుకులు."

వాడి మంచం పక్కన కూర్చుని, వంకర ముఖంతోనైనా సరే లేచి కూర్చుంటే చాలని నేను అనుకోని పూట లేదు. జ్వరం మెల్లగా దిగింది. లేచేసరికి వాడు ఎముకల గూడు. ప్లేట్ మళ్లీ పెట్టబోతే పట్టలేదు, దవడ మళ్లీ కుంచించుకుంది. రాజవ్వ దాన్ని తాకనివ్వలేదు. చివరికి నర్సిములే ఆమె దగ్గరికి పోయి, "అమ్మా, పెట్టుకుంట. నోరు మూసుకుని పడుకోవాలని ఉన్నది నాకు" అన్నాడు. ఆమె ప్లేట్ తెచ్చి నా చేతిలో పెట్టింది. డెంటిస్టు ప్లేట్‌ను సరిచేసి, స్క్రూ వెనక్కి తిప్పి, మొదటినుంచి మొదలుపెట్టాడు.

పదకొండో ఏట గుట్టమీద పుట్టువెంట్రుకలు తీశారు. గంగారాం వచ్చాడు. అందరికంటే ఆలస్యంగా, కొత్త రుమాలు చుట్టుకుని వచ్చాడు. వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. మంగలి కత్తి నడుస్తుంటే సిగ కింద పడింది, గుండుతో ముఖం మొత్తం బయటపడింది. గడ్డం దాదాపు నిలువుగా ఉంది. నేను చూస్తూ నిలబడ్డాను.

గంగారాం వాడి దవడ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నా మేనల్లుని మొఖానికి ఏమైంది? మంచిగనే ఉన్నది గద. గీ మాత్రానికి అంత లొల్లి జేస్తివి బావా."

నాకంటే ముందు మా అవ్వ అందుకుంది. "నీ కోసం కూసుంటె వీని దవడ చెవుల దాక పొయ్యేది నాయినా. కొబ్బరికాయ తిను." ఆయన నవ్వేసి ఊరుకున్నాడు. ఆయన మాట నాకింకా తిన్న అన్నంలో రాయిలాగే ఉంది, కాని ఈ పత్రికకు ఎక్కించవలసింది ఆ మాట కాదు.

ఇప్పుడు నర్సిములుకు పదమూడేళ్లు నిండాయి. పాల కోరపండ్లు వాటంతటవే రాలాయి, కొత్త కోరపండ్లు సరైన వరుసలో వచ్చాయి. ప్లేట్ తీసేసి చాలాకాలమైంది. చెవి ముందర చప్పుడు లేదు. చెరుకు ముందరి పండ్లతో చీలుస్తాడు. బడిలో పద్యం చెప్పమంటే లేచి చెబుతాడు. గడ్డం ఇప్పటికీ జొన్నగింజ వెడల్పున ఎడమకు ఉంది. తెలిసినవాళ్లకే కనపడుతుంది. "అది ఎముక పాలు. ఏడో ఏట తీసుకొచ్చి ఉంటే ఇదీ మిగిలేది కాదు" అన్నాడు డెంటిస్టు. ఆయన ఆ మాట నన్ను నొప్పించాలని అనలేదు. నొప్పి కలిగింది మాత్రం నాకే.

తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒక్కటే. మీ పిల్లల గడ్డం పక్కకు పోతున్నట్లు అనిపిస్తే, ఎదురుగా కూర్చోబెట్టి, ముక్కు నడుమ నుంచి గడ్డం మీదికి ఒక దారం పట్టి, నోరు పెద్దగా తెరిపించి చూడండి. తర్వాత మెల్లగా మూయించండి. తెరిచినప్పుడు నిలువుగా ఉండి, మూసినప్పుడు పక్కకు జరిగితే అది వెక్కిరింత కాదు. అడ్డం పండ్లలో ఉంది. పాలపండ్లు ఉండగానే పంటి డాక్టరుకు చూపండి.

ఇక ఎందుకు మళ్లీ రాయవలసి వచ్చిందో చెబుతాను.

ఈమధ్య మా వీధి చివర బీడీలు చుట్టే ఒకామె తన కూతురితో పోతుంటే చూశాను. ఆ పిల్లకు ఆరేళ్లుంటాయి. తల్లి ఏదో అడిగితే జవాబు చెప్పి నోరు మూసింది. గడ్డం కుడికి జరిగింది. నేను ఆపి, పంటి డాక్టరుకు చూపమన్నాను.

"మన డాక్టరు సాబ్‌కు సూపెట్టినం అన్నా. ఏం గాదన్నడు. మీ నర్సిములుకు గూడ గిట్లనే ఉండెనట గద. ఏం జెయ్యకుండనే దానంతటదే సర్దుకున్నదని, మీ పిలగాన్నే సూపిచ్చి చెప్పిండు."

అక్కడినుంచి నేరుగా డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన నన్ను చూసి, "ఏం మునీం సాబ్, నేను చెప్పలేదా సర్దుకుంటదని? మీరే తొందరపడ్డారు" అన్నాడు. రాయి, ప్లేట్, ఎక్స్‌రే, జ్వరం, అన్నీ చెప్పాను. "అవన్నీ పట్నంవాళ్ల వ్యాపారం. ఎట్లాగూ సర్దుకునేదే" అని తర్వాతి రోగిని పిలిచాడు. ఆ తల్లికి నేను డెంటిస్టు సంగతి అంతా చెప్పాను. ఆమె నా మాట వినేట్లు లేదు. డాక్టరు మాట ముందు మునీం మాట ఎంత?

డాక్టరు గారూ, నన్ను మీ వరుసలో నవ్వులపాలు చేశారు, దానికి జవాబు అడగడం లేదు. మా వాడికి గుడ్డపట్టీ కట్టించారు, దానికీ అడగడం లేదు. నా కొడుకు ముఖాన్ని సాక్ష్యంగా చూపి ఇంకో బిడ్డను వెనక్కి పంపారు, దానికి మాత్రం జవాబు కావాలి. ఆ పిల్లను నోరు తెరవమన్నారా? అన్నారో లేదో ఈ పత్రికలోనే రాయండి. నేను గంజ్‌లోనే ఉంటాను. ఏ రోజు రమ్మంటే ఆ రోజు నర్సిములును తీసుకువస్తాను. ఆ పిల్లను, తల్లిని కూడా పిలిపించండి. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, నోళ్లు తెరిపించి, మూయించి, మీ కండ్లతో చూడండి. ఆ పిల్లకు ఇంకా పాలపండ్లే ఉన్నాయి. చూసి, అదీ దానంతటదే సర్దుకుంటుందో లేదో ఆ తల్లి ఎదుట చెప్పండి.